అడగడానికి సిగ్గు వద్దు, సంతకానికి తొందర వద్దు

కర్నూలు జిల్లా పడమటి వైపు అప్పు లేని ఇల్లు వెతకడం కష్టం. విత్తనాలకు అప్పు, బోరుకు అప్పు, మగ్గం మీదికి నూలుకు అప్పు, పెద్దపిల్ల పెళ్లికి అప్పు. గూడూరులోనైనా (నెల్లూరు దారిలోని గూడూరు సంగతి కాదు, మన కోడుమూరు పక్క గూడూరు), ఎమ్మిగనూరులోనైనా, ఆదోనిలోనైనా ఇదే లెక్క. ఆకాశం వైపు చూసి రెండెకరాల పత్తి కోసం మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చే తండ్రి, కూతురు "నాయనా, నర్సింగ్ చదువుతా, బ్యాంకులో లోను అడుగుదాం" అనగానే తల అడ్డంగా ఊపుతాడు. "అప్పు చేసి చదివేదెట్ల పాపా? మనకెవరిస్తారు?" అంటాడు.

ఆ తండ్రికి ధైర్యం లేదనకండి. వాన మీద అంత పందెం కాసే మనిషికి ధైర్యం తక్కువేమీ కాదు. భయం ఉండాల్సిన చోట లేదు, ఉండక్కర్లేని చోట ఉంది. ఈ భయాన్ని సరైన చోటికి మార్చుకోవడమే ఈ వయసులో మీరు నేర్చుకోవాల్సిన మొదటి విద్య. ఇంటర్ బైపీసీ పూర్తిచేసి నర్సింగ్ వైపు చూస్తున్న ప్రతి అమ్మాయికీ, అబ్బాయికీ, వాళ్ల అమ్మానాన్నలకూ చెబుతున్నాను: చదువు కోసం నియమం ప్రకారం తెచ్చిన అప్పు మిమ్మల్ని ముంచదు. లెక్క వేయకుండా తెచ్చిన అప్పు ముంచుతుంది. అడగడానికి సిగ్గుపడి అడ్డదారిన తెచ్చిన అప్పు ఇంకా తొందరగా ముంచుతుంది.

డబ్బు వచ్చే నెల, ఫీజు కట్టే నెల

ముందు మన ఇంటి డబ్బు ఎట్లా తిరుగుతుందో చూడండి. ఆదోని యార్డుకు పత్తి బండ్లు వచ్చేది దసరా దాటిన తర్వాత. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు పల్లెల్లో సంక్రాంతి తర్వాత ఇళ్లకు తాళాలు పడతాయి. జనం గుంటూరు వైపు మిరప కోతలకు, అంటే సుగ్గికి పోతారు. ఎండాకాలంలో తిరిగొస్తారు. చేతికొచ్చిన కూలి డబ్బు పాత బాకీలకు, వానాకాలం విత్తనాలకు సరిపోతుంది. గూడూరు, ఎమ్మిగనూరు నేతపని ఇళ్లలో చీర దిగితేనే డబ్బు. నర్సింగ్ అడ్మిషన్లు మాత్రం కౌన్సెలింగులన్నీ ముగిసి, ఇంట్లో పైసా లేని రోజుల్లో వచ్చి కూర్చుంటాయి. "రేపు సాయంత్రంలోపు ఫీజు కట్టాలి" అని కాలేజీ నుంచి ఫోను వస్తుంది. అప్పుడు వడ్డీ వ్యాపారి గుర్తొస్తాడు. అతను కాగితాలు అడగడు, గంటలో ఇస్తాడు. అక్కడే తప్పు దారి మొదలవుతుంది.

ఆ తొందర మీ చేతకానితనం వల్ల రాలేదు, తేదీలు కలవకపోవడం వల్ల వచ్చింది. తేదీలు ముందే తెలిసినవే కాబట్టి ముందే సిద్ధపడవచ్చు. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే బ్యాంకు పని మొదలుపెట్టిన కుటుంబానికి అడ్మిషన్ నాటికి కనీసం ఏ కాగితం కావాలో తెలిసి ఉంటుంది. సీటు వచ్చాక మొదలుపెట్టిన కుటుంబం పరుగులు తీస్తుంది.

డ్వాక్రా సంఘం అప్పు ఉంది కదా అంటారు. మంచిదే, వడ్డీ తక్కువే. కానీ ఆ అప్పుకు కంతు మరుసటి నెల నుంచే మొదలవుతుంది. నాలుగేళ్లు చదివితేగానీ జీతం రాని కోర్సుకు వచ్చే నెల నుంచే కంతు కట్టాలంటే అమ్మ కూలి డబ్బులోంచి కట్టాలి. విద్యా రుణం ఇందుకే వేరుగా పుట్టింది. కోర్సు నడిచినంత కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది దాకా అసలు కట్టమని బ్యాంకు అడగదు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా గడువు ఉంటుంది. సంఘం అప్పును చిన్న చిన్న అవసరాలకు దాచుకోండి, చదువు బరువంతా దాని మీద వేయకండి.

కాగితం మీద ఒక లెక్క

పెన్ను తీసుకోండి. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు నాలుగు లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. వడ్డీ ఏటా 10 శాతం అనుకుందాం. మీ బ్యాంకులో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, పద్ధతి ఇదే.

చదువుకునే కాలంలో బ్యాంకు బారు వడ్డీయే లెక్కగడుతుంది, చక్రవడ్డీ కాదు. మొదటి లక్షకు ఐదేళ్లు, రెండో లక్షకు నాలుగేళ్లు, మూడోదానికి మూడు, నాలుగోదానికి రెండు. మొత్తం వడ్డీ లక్షా 40 వేలు. కంతులు మొదలయ్యే రోజుకు మీ బాకీ 5 లక్షల 40 వేలు.

ఇదే నాలుగు లక్షలు ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే? ఏడాదికి 36 శాతం. అదే ఐదేళ్లకు వడ్డీ ఒక్కటే 5 లక్షల 4 వేలు. బాకీ 9 లక్షల 4 వేలు. ఇది కూడా బారు వడ్డీతోనే. ఏటా నోటు తిరగరాస్తే ఇంకెంత అవుతుందో చెప్పక్కర్లేదు. పైగా వ్యాపారి ఐదేళ్లు ఆగడు. బ్యాంకు మెట్లు ఎక్కడానికి పడిన సిగ్గు ఖరీదు మూడున్నర లక్షల పైమాటే.

ఇంకో మెట్టు ఉంది. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటకపోతే, చదువుకునే కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం 2009-10 నుంచి ఉంది. నర్సింగ్ కోర్సుకు అది వర్తించాలంటే కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ ఆమోదం ఉండాలి. ఆ వడ్డీ రాయితీ దొరికితే పైన చెప్పిన లక్షా 40 వేలు మీ నెత్తిన పడదు. పదేళ్ల గడువు పెట్టుకుంటే నెల కంతు 7,136 రూపాయల నుంచి 5,286 రూపాయలకు దిగుతుంది. మొత్తంమీద రెండు లక్షల 20 వేలకు పైగా మిగులు. ఇంత డబ్బు ఒక ఆదాయ ధ్రువీకరణ పత్రం మీద ఆధారపడి ఉంది! సచివాలయంలో అర్జీ పెట్టి తహసీల్దారు సంతకంతో తెచ్చుకోవాల్సిన కాగితం అది. లోను తీసుకుని ఈ రాయితీ అడగకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు దానంతట అదే పెడుతుందిలే అని కూర్చోవద్దు. "సార్, నా లోను మీద వడ్డీ రాయితీ క్లెయిము పెట్టారా?" అని ఏటా ఒకసారి వెళ్లి అడగండి. చదువు మధ్యలో మానేస్తే ఈ రాయితీ పోతుందని కూడా గుర్తుంచుకోండి.

రాయితీ వర్తించనివాళ్లు ఇంకో దారి చూడొచ్చు. చదువుకుంటూనే నెలనెలా వడ్డీ వరకు కట్టుకుంటూ పోతే అసలు అక్కడే ఆగుతుంది. మొదటి ఏడాది లక్ష మీద నెలకు 833 రూపాయలు. చివరి ఏడాది నాలుగు లక్షల మీద 3,333. అట్లా కట్టేవాళ్లకు బ్యాంకులు ఒక శాతం దాకా వడ్డీ తగ్గిస్తాయి. ఆడపిల్లలకు అర శాతం తగ్గించే ప్రభుత్వ రంగ బ్యాంకులూ ఉన్నాయి. అడిగితేనే తెలుస్తుంది.

గడువు విషయంలో ఒక మాట. పైన చెప్పిన 5 లక్షల 40 వేల బాకీని 15 ఏళ్లకు పెట్టుకుంటే నెల కంతు 5,803కి తగ్గుతుంది, హాయిగా కనబడుతుంది. కానీ మొత్తం కట్టేది 10 లక్షల 44 వేలు అవుతుంది. పదేళ్లకైతే 8 లక్షల 56 వేలు. నా సలహా: గడువు పొడవుగా పెట్టుకోండి, కట్టడం మాత్రం తొందరగా కట్టేయండి. ఉద్యోగం బాగుంటే ముందే తీర్చవచ్చు. బాగోలేని నెలలో చిన్న కంతు మిమ్మల్ని కాపాడుతుంది.

మెస్ బిల్లు, తెల్ల బూట్లు, బస్సు చార్జీ

కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఆదాయం పరిమితిలో ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ఇంక అప్పెందుకు అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పిల్లలు దెబ్బతింటారు. ఫీజు ఒక్కటే చదువు ఖర్చు కాదు. పైగా రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ముందు మీరు కట్టండి, తర్వాత చూద్దాం అనే కాలేజీలు ఉన్నాయి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆ ఆశే లేదు.

నర్సింగ్ చదువు మిగతా డిగ్రీల వంటిది కాదు. పొద్దున్నే యూనిఫాం వేసుకుని వార్డుకు పోవాలి. రెండు జతల యూనిఫాం, తెల్ల బూట్లు, స్టెతస్కోపు, బీపీ చూసే పరికరం, సెకండు ముల్లున్న వాచీ, లావుపాటి రికార్డు పుస్తకాలు, వాటిలో వేయాల్సిన బొమ్మలకు చార్టులు. పోస్టింగు పడ్డ ఆసుపత్రికి బస్సు చార్జీలు. ఊళ్ల మీదికి పంపే కమ్యూనిటీ పోస్టింగు ఖర్చులు. పరీక్ష ఫీజు, చివర్లో నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఫీజు. వీటికి తోడు నెలనెలా హాస్టలు, మెస్. సాయంత్రం పార్ట్‌టైం పని చేసుకుందామంటే రాత్రి డ్యూటీ పోస్టింగు అడ్డం వస్తుంది. ఈ ఖర్చులన్నీ ఎవరూ ముందు చెప్పరు. రెండో నెలలో పాప ఫోను చేసి "మా, ఐదొందలు వేస్తావా" అంటుంది. నాలుగోసారి అడగడానికి మొహం చెల్లక మధ్యాహ్నం భోజనం మానేస్తుంది. వార్డులో నిలబడి ఇంకొకరి నాడి పట్టి చూడాల్సిన పిల్ల ఆకలితో కళ్లు తిరిగి గోడకు ఆనుకుంటుంది. దీన్ని ఓర్పు అని మెచ్చుకోకండి. ఇది ముందే లెక్క వేసుకోకపోవడం వల్ల వచ్చిన బాధ. మీ పిల్లకు ఇది జరగనివ్వకండి.

ఈ ఇబ్బంది మన ఒక్కరికే ఉందని కుంగిపోకండి. ఇంగ్లండులో నర్సింగ్ విద్యార్థులకు ఇచ్చే బర్సరీని (ఉపకార వేతనాన్ని) 2017 ఆగస్టు నుంచి ఎత్తేసి అందరినీ రుణాల దారి పట్టించారు. దరఖాస్తులు పడిపోయాయి. చివరికి 2020 సెప్టెంబరు నుంచి ఏడాదికి కనీసం 5,000 పౌండ్లు, తిరిగి కట్టక్కర్లేని సాయంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అంత సంపన్న దేశంలోనే నర్సింగ్ విద్యార్థికి బతుకు ఖర్చు ఇంత పెద్ద విషయం అయినప్పుడు మన ఇంట్లో దాని గురించి మాట్లాడుకోవడానికి మొహమాటం దేనికి?

ఒక పని చేయండి. మీరు చేరాలనుకుంటున్న కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న అక్కను వెతికి పట్టుకోండి. ప్రిన్సిపాల్‌ను అడిగే ముందు ఆ అక్కను అడగండి: "అక్కా, పోయిన నెల నీకు ఎంత ఖర్చయింది? దేనికి?" ఆమె చెప్పింది ఒక నోటుబుక్కులో రాసుకోండి. తర్వాత కాలేజీ ఆఫీసుకు వెళ్లి, ఏడాదివారీగా ట్యూషన్ ఫీజు, హాస్టలు, మెస్, పుస్తకాలు, యూనిఫాం, పరికరాలు, పరీక్ష ఫీజు విడివిడిగా రాసిన లెటర్‌హెడ్ కాగితం అడగండి. బ్యాంకు చూసేది ఆ కాగితమే. విద్యా రుణంలో ఇవన్నీ కలపడానికి నియమాలు ఒప్పుకుంటాయి. హాస్టల్లో కాకుండా బయట గది తీసుకున్నా సబబైన అద్దె, భోజనం ఖర్చు అడగవచ్చు. కానీ కాగితంలో ట్యూషన్ ఫీజు ఒక్కటే ఉంటే బ్యాంకు ఇచ్చేదీ అదొక్కటే. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది. నాలుగేళ్ల అన్నం ఆ కాగితం మీద ఉంది.

కౌంటరు దగ్గర

తండ్రీ కూతుళ్లు బ్యాంకుకు వెళ్తారు. ప్లాస్టిక్ కవరులో మెమోలు, ఆధార్ కార్డులు. పెన్షన్ల రోజు, జనం కిక్కిరిసి ఉన్నారు. తండ్రి చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆఫీసరు తలెత్తకుండానే "మీ ఊరు మా బ్రాంచి కిందికి రాదు" అంటాడు. లేదంటే "ఎడ్యుకేషన్ లోన్లు ఇప్పుడు ఇవ్వడం లేదు" అంటాడు. తండ్రి "సరే సార్" అని నమస్కారం పెట్టి బయటికొస్తాడు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలతో ఒక పిల్ల చదువు ఆగిపోతుంది.

వినయం మంచి గుణమే. అడగాల్సింది అడగకుండా వెనక్కి రావడం వినయం కిందికి రాదు. తెలుసుకుని వెళ్లండి. "మీ ఇల్లు మా సేవా ప్రాంతంలో లేదు" అని విద్యా రుణం దరఖాస్తు తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. దరఖాస్తు తీసుకున్నాక మామూలుగా 15 రోజుల నుంచి నెలలోపు తేల్చాలి. తిరస్కరించాలంటే పై అధికారి సమ్మతి ఉండాలి. 4 లక్షల దాకా మార్జిన్ డబ్బు, అంటే మీ వంతు వాటా, అడగరు. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకుండా ఇచ్చేందుకు కేంద్రం 2015లో రుణ హామీ నిధిని పెట్టింది. మన దేశంలో చదువుకు బ్యాంకుల నమూనా పథకం కింద ప్రాసెసింగ్ ఫీజు లేదు. కాబట్టి "లోను ఇప్పిస్తా, పదివేలు ఖర్చవుతుంది" అనేవాడు ఎవడైనా సరే, అతని గుమ్మం దిగి వచ్చేయండి.

నాన్న మాట్లాడలేకపోతే నువ్వు మాట్లాడు తల్లీ. అప్పు నీ పేరు మీదే కదా. "సార్, దరఖాస్తు తీసుకుని రసీదు ఇవ్వండి. ఇవ్వలేమంటే కారణం రాసివ్వండి" అని నెమ్మదిగా, గొంతు పెంచకుండా, కళ్లలోకి చూసి చెప్పు. ఇంటి దగ్గర అద్దం ముందు పదిసార్లు అనుకుని వెళ్లు. రేపు వార్డులో డాక్టరు రాసిన మందు మోతాదు మీద అనుమానం వస్తే "డాక్టర్, ఇది ఒకసారి చూడండి" అని చెప్పాల్సిన మనిషివి నువ్వు. రోగి ప్రాణం ఆ ఒక్క మాట మీద ఉంటుంది. ఆ గొంతు ఇక్కడే, ఈ కౌంటరు దగ్గరే తయారవుతుంది.

పీఎం విద్యాలక్ష్మి పోర్టల్లో కూడా దరఖాస్తు పెట్టవచ్చు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం దేశంలో ఎంపిక చేసిన పెద్ద విద్యాసంస్థలకే వర్తిస్తుంది. "మీ కాలేజీ ఆ లిస్టులో లేదు" అంటే లోనే లేదని అర్థం చేసుకుని వెనక్కి రావద్దు. మామూలు విద్యా రుణం పథకం వేరుగా ఉంది. గ్రామీణ బ్యాంకునూ వదలకండి. మొన్నటిదాకా ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకుగా మనకు తెలిసినది 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది.

మన పల్లెల్లో తరచూ వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. నాన్న పేర పంట లోను బకాయి ఉంటుంది, సిబిల్ స్కోరు (అప్పులు తీర్చిన తీరుకు పడే మార్కులు) బాగుండదు. అప్పుడు అమ్మను సహ దరఖాస్తుదారుగా పెట్టవచ్చా అని అడగండి. తల్లిదండ్రుల స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో విద్యార్థికి రుణం నిరాకరించడం సరికాదని కేరళ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. అది మన హైకోర్టు మాట కాకపోయినా మేనేజరుతో మాట్లాడేటప్పుడు చెప్పదగ్గ మాటే. బ్రాంచిలో పని కాకపోతే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు అర్జీ పెట్టండి. కర్నూలు జిల్లాకు లీడ్ బ్యాంకు కెనరా బ్యాంకు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. వివరాలకు ఫోను 14448. ఇవన్నీ దొరల కోసం పెట్టినవి కావు, మీ కోసం పెట్టినవే.

అప్పు కంటే ముందు కాలేజీ

ఇక్కడ కాస్త కఠినంగా చెబుతాను. లోను వస్తోంది కదా అని ఏ కాలేజీలోనైనా చేరిపోకండి. కేరళలో జరిగింది చూడండి. వేలాది మంది పిల్లలు రుణాలు తీసుకుని కర్ణాటక, తమిళనాడు, మన రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీల్లో నర్సింగ్ చదివారు. విదేశీ ఉద్యోగం వస్తుందన్న ఆశ. ఉద్యోగాలు అందరికీ రాలేదు, మన దేశంలోని ఆసుపత్రుల్లో జీతాలు కంతుకు కూడా చాలలేదు. 2011, 2012లో నర్సులు సమ్మెలకు దిగారు. అప్పులు కట్టలేనివాళ్ల కోసం కేరళ ప్రభుత్వం 2017లో 900 కోట్ల రూపాయల సాయం పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2018లో ప్రైవేటు ఆసుపత్రుల నర్సులకు కనీసం 20 వేల జీతం ఖరారు చేసింది. అంత పోరాడితే అది. వాళ్లు కష్టపడలేదనకండి. జీతం ఎంతొస్తుందో చూడకుండా అప్పు ఎంతిస్తారో చూసి చేరడం వల్ల వచ్చిన చిక్కు అది.

అందుకే లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి. ఆ కాలేజీ నుంచి పోయిన ఏడాది బయటికొచ్చిన ఇద్దరు ముగ్గురు అక్కలకు మొదటి జీతం ఎంత? ఆ జీతంలో మూడో వంతు దాటే కంతు మీకు వద్దు. దాటుతోందంటే అప్పు తగ్గించండి, లేదా కాలేజీ మార్చండి. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ అనుమతులు ఉన్నాయా, విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉందా, పిల్లలను నిజంగా ఏ ఆసుపత్రికి పోస్టింగు పంపుతారు, అక్కడ మంచాలు ఎన్ని, అన్నది స్వయంగా చూసి రండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి లాంటి చోట ఒక నెల నిలబడి నేర్చుకునేది, ఖాళీ మంచాల ఆసుపత్రిలో ఏడాది కూర్చున్నా రాదు. ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చే అవకాశం ఉంటే ఎంత దూరమైనా దాన్నే ముందు పెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఇవ్వని కాలేజీలున్నాయి, చేరేముందే పాత విద్యార్థులను అడగండి.

బీఎస్సీయా, జీఎన్ఎమ్మా అన్నది కూడా ఇప్పుడే ఆలోచించండి. జీఎన్ఎం మూడేళ్ల డిప్లొమా, ఖర్చు తక్కువ. కానీ ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు జరిగే నార్‌సెట్ పరీక్షకు బీఎస్సీ వాళ్లు నేరుగా అర్హులు. జీఎన్ఎం వాళ్లకు 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఆ ఉద్యోగానికి మూల వేతనం 44,900 రూపాయలు. మన ఊళ్లలోని విలేజ్ క్లినిక్కుల్లో మధ్యస్థాయి ఆరోగ్య సేవకుల పోస్టులూ బీఎస్సీ నర్సింగ్ వాళ్లకే. మూడేళ్లలో బయటపడి సంపాదన మొదలుపెట్టాల్సిన ఇల్లయితే జీఎన్ఎం తప్పేమీ కాదు. ఎవరికి ఏది కుదురుతుందో ఆ ఇంటికే తెలుస్తుంది. తెలిసి ఎంచుకోండి, అంతే.

"అప్పున్న పిల్లను ఎవరు చేసుకుంటారు?"

ఈ మాట ఎవరో ఒకరు అంటారు. మేనత్త అంటుంది, పక్కింటి పెద్దాయన అంటాడు, ఒక్కోసారి అమ్మే అంటుంది. నాకు ఈ మాట వింటే చాలా బాధగా ఉంటుంది. అదే ఇంట్లో పెళ్లికి నాలుగు లక్షలు అప్పు చేయడానికి ఎవరూ పంచాయితీ పెట్టరు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అయినా ఆ కట్నం అప్పు మర్యాద, చదువు అప్పు మాత్రం మచ్చ. కట్నానికి చేసిన అప్పు నెలకు ఒక్క రూపాయి సంపాదించి పెట్టదు. చదువు అప్పు జీవితాంతం జీతం తెస్తుంది.

అమ్మాయిలకు నేను చెప్పేది ఒక్కటే. అప్పును దాచకండి. సంబంధం మాట్లాడే రోజే చెప్పండి: "నా చదువు మీద లోను ఉంది, నెలకు ఇంత కంతు, నా జీతంలోంచి నేనే కడతాను. అది తీరేదాకా ఉద్యోగం మానను." ఈ మాటకు మొహం ముడుచుకునే ఇల్లు, రేపు రాత్రి డ్యూటీ అన్నా మొహం ముడుచుకుంటుంది. అది ముందే తెలియడం మంచిది కదా. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. కంతులు నడుస్తున్నప్పుడు పిల్ల ఉద్యోగం మాన్పించి పెళ్లి చేస్తే ఆ కంతు మీ మెడకే చుట్టుకుంటుంది. సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టింది మీరే.

కట్టలేని నెల వస్తే

వస్తుంది. జ్వరం వస్తుంది, ఆసుపత్రి మూతపడుతుంది, ఉద్యోగం మారుతుంది. ఆ నెల బ్యాంకు నంబరు చూసి ఫోను ఎత్తకుండా ఉండటం మనందరికీ ఉన్న అలవాటు. దాన్ని వదిలించుకోండి. వరసగా 90 రోజులు కంతు పడకపోతే ఖాతా మొండి బకాయిల్లోకి పోతుంది. ఆ మచ్చ మీ మీదే కాదు, సంతకం పెట్టిన నాన్న మీదా పడుతుంది. రేపు ఆయన పంట లోనుకు అడ్డం వస్తుంది. కట్టలేమని తెలిసిన వారంలోనే మేనేజరును కలిసి కాగితం ఇవ్వండి. ఉద్యోగం లేని కాలానికి కంతులు వాయిదా వేయడానికి, అదీ రుణ కాలంలో రెండు మూడుసార్లు, బ్యాంకుల నమూనా పథకంలోనే వీలుంది. మొదటి ఏళ్లలో చిన్న కంతు, జీతం పెరిగాక పెద్ద కంతు పెట్టుకునే పద్ధతీ ఉంది. ముందుగా వచ్చి చెప్పిన మనిషిని బ్యాంకు నమ్ముతుంది.

విదేశీ ఉద్యోగం ఆశ చూపి మళ్లీ అప్పు చేయించేవాళ్లు ఈ దశలోనే వస్తారు. గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు నర్సులను పంపే అధికారాన్ని కేంద్రం 2015లో ప్రభుత్వ ఏజెన్సీలకు అప్పగించింది. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అట్లాంటిదే. లక్షలు అడిగే ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు అక్కడ విచారించండి.

మొదటి జీతం వచ్చిన రోజు ఇంటికి స్వీట్లు పంపండి, అమ్మకు చీర కొనండి, తప్పేం లేదు. కంతు మాత్రం జీతం పడిన మరుసటి రోజే ఖాతాలోంచి తనంతట తానే పోయేలా బ్యాంకులో చెప్పి పెట్టుకోండి. ఆదాయపు పన్ను కట్టే స్థాయికి వస్తే, విద్యా రుణం వడ్డీని ఎనిమిదేళ్ల దాకా మినహాయించుకునే వీలుంది. పాత పన్ను విధానం ఎంచుకుంటేనే అది వర్తిస్తుంది.

ఆదోని ఏరియా ఆసుపత్రిలోనైనా, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఇక్కడి పల్లె రోగి తన బాధ తన యాసలో చెప్పుకోగలిగే నర్సు మన ఊరి పిల్లే. ఆ పిల్ల ఫీజు కట్టలేక ఇంటి దగ్గర ఆగిపోతే నష్టం ఆ ఇంటికి మాత్రమే కాదు. ఈ ఏడాది మీ ఇంట్లో బైపీసీ రాసిన అమ్మాయి ఉంటే సుగ్గి డబ్బు కోసమో, పత్తి ధర కోసమో ఎదురుచూడకండి. రేపే సచివాలయానికి వెళ్లి ఆదాయ ధ్రువీకరణ పత్రానికి అర్జీ పెట్టండి. ఎల్లుండి ఆ పిల్లను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. మాట్లాడే అవకాశం ఆమెకే ఇవ్వండి.